బైండింగు అంగట్లో ఒక మజిలీ

ఈ రోజు శనివారం, బడికి సెలవు. రెండు రోజులుగా కార్తీకపు ముసురు. కొండ మొత్తం మబ్బులోకి వెళ్ళిపోయింది. అత్తయ్యకు సంగటి, చెనిక్కాయల ఊరిబిండి చేసి పెట్టి, మూడు పుస్తకాలు తడవకుండా కవర్లో చుట్టుకుని బైండింగు అంగడికి బయల్దేరాను. గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో ఒక సందులో ఉంది ఆ అంగడి. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి నిలబడాల్సిందే.

మూడింట్లోకీ బాగా నలిగింది ఉర్సులా లెగ్విన్ 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. 1968 నాటి నవల. నేను డిగ్రీ చదివేటప్పుడు పాత పుస్తకాల బండి మీద కొన్నాను. వీపుకి పూసిన బంక ఎండి రాలిపోయి కాగితాలు ఒక్కొక్కటే ఊడొస్తున్నాయి. దీవుల మ్యాపు ఉన్న పేజీలో ఒక మూల పసుపు మరక, పులిహోర చేత్తో తిప్పిన రోజుది.

బైండింగు చేసే తాత పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం మ్మా, ఇంతగా నలగదీసినావే! ఏముండాది దీంట్లో?" అన్నాడు.

మంచి ఫాంటసీ నవలలు చెప్పమని నన్ను చాలామంది అడుగుతుంటారు. అడిగినవాళ్ళకు పేర్లు రాసిచ్చేదాన్ని. తాతకు ఇంగ్లీషు రాదు, పేరు రాసిస్తే ఏం చేసుకుంటాడు? కథే చెప్పాలి. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

గాంట్ అనే దీవిలో మేకలు కాసుకునే తల్లిలేని పిల్లోడు, పేరు గెడ్. రాగి రంగు మనిషి. ఆ లోకంలో ప్రతి దానికీ ఒక అసలు పేరుంటుంది. రాయికి, గద్దకి, మనిషికి. ఆ పేరు తెలిసినవాడికే దాని మీద పట్టు. అందుకని మనుషులు అసలు పేరు దాచుకుని ఇంకో పేరుతో తిరుగుతుంటారు.

తాత దబ్బనంతో అంచున బెజ్జాలు వేస్తూ తలూపాడు. "మనకూ ఉండాది కదమ్మా అది. బిడ్డలు దక్కకపోతే తరువాత పుట్టినోడికి పెంటయ్య అని పెట్టేవాళ్ళు, చావు కంట్లో పడకుండా. అసలు పేరు చెవులో చెప్పేది."

ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు చదివానో, నాకీ మాట తట్టలేదు. లెగ్విన్ రాసినదాన్ని తాత ఒక్క పేరుతో మన ఊరికి తెచ్చి కూర్చోబెట్టాడు. చదువుకున్నవాళ్ళతో మాట్లాడినప్పుడు ఇలాంటిది ఎప్పుడూ దొరకలేదు.

ఆ ఉత్సాహంలో నాకిష్టమైన చోటుకి వెళ్ళాను. గెడ్ గురువు ఓజియన్ గొప్ప మంత్రగాడు. భూకంపాన్ని ఆపినవాడు. కొత్త శిష్యుణ్ణి వెంటబెట్టుకుని కొండదారిన నడుస్తుంటే వాన పట్టుకుంటుంది. మామూలు మంత్రగాడైనా ఒక్క మాటతో ఆ మబ్బుని పక్కకి తోసేస్తాడు. ఓజియన్ మాత్రం వానని కురవనిస్తాడు. గుబురు చెట్టు ఒకటి చూసుకుని దాని కింద పడుకుంటాడు. పిల్లోడు పొదల్లో ముడుచుకుని తడుస్తూ, వాడుకోని శక్తి ఎందుకని లోపల్లోపల ఉడికిపోతుంటాడు.

తాత చేతిలో దారం ఆగింది. బయట సందులోకి చూశాడు. చూరు మీంచి ధార పడుతోంది. "ఆపగలిగీ ఆపలే," అన్నాడు నెమ్మదిగా. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

ఇంతలో పక్క జిరాక్స్ అంగడి వాళ్ళమ్మాయి వచ్చింది. డిగ్రీలో ఫిజిక్స్ చదువుతోంది, సెలవు రోజుల్లో వాళ్ళ నాయనకు తోడుగా కూర్చుంటుంది. "అక్కా, సైన్స్ ఫిక్షన్ మొదలుపెట్టాలనుండాది. అందరూ డ్యూన్ చదవమంటున్నారు. అదే చదివేదా?"

వద్దన్నాను. 1965లో ఫ్రాంక్ హెర్బర్ట్ రాసిన ఆ నవలంటే నాకు ప్రాణం. అందుకే వద్దన్నాను. కొన్నేళ్ళ కిందట మా తమ్ముడికి అదే ఇచ్చాను, ఏమీ చెప్పకుండా, గొప్ప పుస్తకం చదువు అని. కొత్త పేర్ల కోసం ప్రతి పేజీకీ వెనకనున్న పదకోశం తిరగేసి తిరగేసి యాభై పేజీల్లో మూసేశాడు. ఆ తర్వాత చాలాకాలం నా దగ్గర ఏ పుస్తకమూ తీసుకోలేదు. తప్పు నాదే. చెమట బొట్టు కూడా పోనీకుండా పట్టి, వడగట్టి మళ్ళీ తాగే బట్టలు వేసుకుని బతికే జనం ఉన్నారురా అందులో, అని ముందే చెప్పుంటే? బోరు ఎండితే ఇంట్లో ఎలా ఉంటుందో చూసి పెరిగినవాడు. కచ్చితంగా చదివేవాడు.

అందుకని ఆ అమ్మాయికి సంచిలో ఉన్న రెండో పుస్తకం తీసి చూపించాను. ఆర్థర్ సి. క్లార్క్ 'ది ఫౌంటెన్స్ ఆఫ్ పారడైజ్', 1979. "అలిపిరి మెట్లెక్కినావా?" అని అడిగాను. "ఏటా ఎక్కుతాం కదక్కా, మూడువేల ఐదొందల యాభై." "అయితే ఇది నీ పుస్తకమే. ఇందులోనూ ఒక కొండ, మెట్లు, పైన మఠం. బౌద్ధ భిక్షువులు ఉంటారు. ఒక ఇంజనీరుకి ఆ శిఖరమే కావాలి. అక్కణ్ణుంచి ఆకాశంలోకి లిఫ్ట్ కడతానంటాడు."

నవ్వలేదు ఆ పిల్ల. "ఎంత ఎత్తు?" అంది. భూమధ్యరేఖకి సరిగ్గా పైన, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతుంది కాబట్టి కింద నుంచి చూస్తే కదలదు. దాని నుంచి కిందికో తాడు దించితే? "మనం పదమూడు డిగ్రీల పైన ఉన్నాం కాబట్టి తిరుమలకి కుదరదు," అని తనే లెక్క తేల్చింది. నవల్లోని దీవి అసలు శ్రీలంకే, దానికీ కుదరదు మరి. క్లార్క్ 1956 నుంచి చనిపోయేదాకా ఆ దేశంలోనే ఉన్నాడు, ఆ కొండల్ని వదులుకోలేకపోయాడు. నవల కోసం దీవినే 800 కిలోమీటర్లు దక్షిణానికి జరిపేశాడు. ఆ సంగతి చెప్పగానే పుస్తకం నా చేతిలోంచి తీసేసుకుంది. బైండింగు వద్దక్కా, ఇట్లే చదువుతా అంది. వాళ్ళ మిద్దె మీంచి శ్రీహరికోట రాకెట్లు చూస్తుందట, మబ్బు లేకపోతే. అలాంటి పిల్లకి ఈ పుస్తకం ఇవ్వకుండా ఎలా ఉంటాను?

మూడోది ఆక్టేవియా బట్లర్ 'కిండ్రెడ్'. మా బడిలో సోషల్ చెప్పే మేడంకి ఇస్తే అట్ట ఊడి తిరిగొచ్చింది. 1976లో కాలిఫోర్నియాలో ఉన్న నల్లజాతి యువతి ఉన్నట్టుండి బానిసత్వపు రోజుల మేరీలాండ్‌లో తేలుతుంది. యంత్రం లేదు, కారణం చెప్పరు. తనని బానిసగా చూసేవాడి ప్రాణం తనే కాపాడుతూ ఉండాలి, ఎందుకంటే అతను తన వంశానికి మూలపురుషుడు. తాతకి ఇది చెప్పలేదు. కొన్ని పుస్తకాలు ఒంటరిగా చదవాల్సినవి. మేడం కూడా తిరిగిచ్చేటప్పుడు ఏమీ అనలేదు, నా చెయ్యి పట్టుకుంది అంతే.

తాత మైదా బంకలో మైలుతుత్తం కలిపి వీపుకి పట్టించాడు. పురుగు పట్టదట. నీలి గుడ్డ అంటించి, రెండు పలకల మధ్య పెట్టి, పైన ఇనప దిమ్మ పెట్టాడు. "ముసురు కదా, ఆరదు. మంగళారం రా. ఆ పిల్లోడి కథ యాడ నిలిచింది?"

పంతానికి పోయి, చేయకూడని మంత్రం చేసి ఒక నీడని లోకంలోకి వదిలాడని, అది వాణ్ణి తరుముతోందని చెప్పాను. మిగతాది మంగళవారానికి. కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు వెంట వచ్చిన కాపరి పిల్లోడికి మజిలీకో కథ చొప్పున చెప్పుకుంటూ పోయాడు. పన్నెండు భాగాలైంది. నాకు ఈ ఒక్కటి చాలు.

రాత్రి అన్నం దగ్గర ఇదంతా అత్తయ్యకు చెబితే, ఆమె చందమామ సీరియళ్ళలోకి వెళ్ళిపోయింది. తోకచుక్క, రాకాసిలోయ, భల్లూక మాంత్రికుడు, చిత్రా గారు వేసిన ఆ బొమ్మలు. అవి రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని ఆమెకు ఈ రోజు దాకా తెలీదు. అప్పట్లో పేరు వేసేవాళ్ళు కారు. నేను చెబితే మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "దాసరి సుబ్రహ్మణ్యం," అని ఒకసారి పలికి చూసుకుంది.

పడుకోబోయే ముందు గుమ్మం దాకా వచ్చి అడిగింది. "ఆ నీడ పేరేంది?"

చెప్పలేదు. మంగళవారం తనూ అంగడికి వస్తానంది.