సీడర్ పాయింట్‌లో తొలి జీతం

ఒహాయో రాష్ట్రంలో, ఎరీ సరస్సు ఒడ్డున ఉన్న సాండస్కీ ఊరికి దగ్గరలో మేము కాపురం పెట్టి పద్దెనిమిదేళ్లు కావస్తోంది. హెచ్‌-1బి వీసా మీద వచ్చి, వాహనాల విడిభాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నాణ్యత విభాగంలో చేరాను. ఆ కొత్తలో మధ్యాహ్నం భోజనాల దగ్గర తోటివాళ్లు తమ మొదటి ఉద్యోగం సంగతి ఎత్తితే, దాదాపు ప్రతివారి నోటా సీడర్ పాయింట్ పేరే వినిపించేది. మా విభాగాధిపతి పదహారేళ్లప్పుడు అక్కడ చీపురు పట్టి దారులు ఊడ్చాడు; జమాఖర్చులు చూసే ఆవిడ రెండు వేసవులు ఐస్‌క్రీం అమ్మింది. ఆ మాటలు చెప్పేటప్పుడు వాళ్ల ముఖాల్లో కనిపించే సంతోషం నాకు చాలాకాలం అంతుపట్టలేదు. చదువుకునే పిల్లలు సంపాదనకు వెళ్లారంటే ఇంట్లో జరుగుబాటు లేదని అర్థం చేసుకునే గుంటూరు ఇంట్లో పెరిగినవాణ్ని నేను.

సీడర్ పాయింట్ అంటే సరస్సులోకి చొచ్చుకుపోయిన సన్నటి నేల మీద వెలసిన వినోదాల పార్కు. 1870లో స్నానాలకు వచ్చేవారి విడిదిగా మొదలై, 1892లో తొలి రోలర్‌కోస్టర్‌ను, అంటే పట్టాల మీద ఎత్తుపల్లాల్లో దూసుకుపోయే బండిని, చూసింది. 1905లో కట్టిన బ్రేకర్స్ హోటల్ నేటికీ ఒడ్డునే ఉంది. ఒకప్పుడు జనం ఆవిరి పడవల్లో దిగేవారు. ఇప్పుడు మనం కార్లలో వెళ్లే నీటి మీది రోడ్డు 1957లో వచ్చింది. 1989లో మాగ్నమ్ అనే కోస్టర్ 205 అడుగుల ఎత్తుతో 200 అడుగుల గీతను దాటింది. 2000లో 310 అడుగుల మిలీనియం ఫోర్స్ గంటకు 93 మైళ్ల వేగంతో వచ్చింది. ఇలాంటి వాటి కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు గాని, ఊరివాళ్ల మనసుకు దగ్గరైనది మాత్రం 1964 నాటి చెక్క కోస్టర్ బ్లూ స్ట్రీక్ అని నా నమ్మకం. దాని పేరు స్థానిక హైస్కూలు జట్ల పేరే.

నా పిల్లలిద్దరూ మొదట ఎక్కింది కూడా దాన్నే. గొలుసు బండిని ఎత్తు మీదికి లాగుతుంటే కింద నుంచి టకటకమని శబ్దం వస్తుంది. గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా, పట్టాల మధ్య ఉన్న పళ్లపట్టీలో కొక్కెం ఒక్కొక్క పన్నూ దాటి పడుతున్న చప్పుడు అది. యంత్రాలతో పనిచేసేవాణ్ని కనుక ఆ శబ్దం వింటే నాకు ధైర్యం. మావాడికి ఏడేళ్లప్పుడు ఆ సంగతి చెప్పి, శబ్దాలు లెక్కపెట్టమన్నాను. పైకి చేరేసరికి లెక్క మరిచిపోయి సరస్సును చూస్తూ ఉండిపోయాడు.

వాడికి పదహారేళ్లు వచ్చాక, స్నేహితులంతా వేసవి ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తుంటే తనూ కూర్చున్నాడు. పేరు, చిరునామా, బడి వివరాలు నింపాడు. ఈ దేశంలో పనిచేయడానికి మీకు అనుమతి ఉందా అన్న ప్రశ్న దగ్గర ఆగి, “నాన్నా, దీనికి ఏం పెట్టాలి?” అని అడిగాడు. వాడు రెండేళ్ల వయసులో మాతో వచ్చాడు. వాడిది నా వీసా మీద ఆధారపడిన హెచ్‌-4. దాని మీద చదువుకోవచ్చు, కారు నడపవచ్చు, జీతం మాత్రం తీసుకోకూడదు. గ్రీన్‌కార్డు కోసం నా దరఖాస్తు ఆమోదం పొంది ఏళ్లు గడిచినా, భారతదేశంలో పుట్టినవారి వరుసలో మా తేదీ ఇంకా రాలేదు. అది రాకపోతే ఇరవై ఒకటి నిండిన నాడు వాడు నా వీసా కిందనుంచి కూడా తొలగిపోతాడు. ఇదంతా విని వాడు ఒక్క మాటా అనకుండా లాప్‌టాప్ మూశాడు. నన్ను నిందించి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ రోజుల్లోనే అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరుమోసిన క్నూట్ రాక్నీ కథ చదివాను. నార్వేలో పుట్టి ఐదేళ్ల వయసులో అమెరికాకు వచ్చిన ఆ కుర్రవాడు, 1913 వేసవిలో స్నేహితుడు గస్ డొరేతో కలిసి సీడర్ పాయింట్‌లో పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా ఇసుకలో ఫుట్‌బాల్‌ను ముందుకు విసిరి అందుకోవడం సాధన చేశాడు. ఆ నవంబరులో వాళ్ల నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం జట్టు ఆ పాస్‌లతోనే సైనిక అకాడమీ వారి ఆర్మీ జట్టును 35–13తో ఓడించింది. ఆ ఒడ్డు మీదికి పనికి రావడానికి రాక్నీకి ఏ అడ్డూ లేకపోయింది. మావాడికన్నా మూడేళ్లు పెద్ద వయసులో ఈ దేశంలో అడుగుపెట్టినవాడతను. ఈ పోలిక నన్ను ఈనాటికీ వదలలేదు.

మా అమ్మాయి మేము వచ్చిన మరుసటి ఏడాది ఇక్కడే పుట్టింది. పోయిన వేసవిలో తన అమెరికా పాస్‌పోర్టు చూపించి, బంగాళాదుంప వేపుళ్ల కౌంటర్లో పనికి కుదిరింది. మొదట నా భార్య ఒప్పుకోలేదు, ఒప్పించింది మావాడే. ఒకరోజు చెప్పకుండా వెళ్లి దూరం నుంచి చూశాను. నూనె జల్లెడను ఎత్తి, రెండుసార్లు విదిలించి, ఉప్పు చల్లి, కాగితపు గ్లాసులో నింపి, ముందున్న ముసలాయన చేతికి జాగ్రత్తగా అందించింది. ఆయన ఏదో అంటే నవ్వి వెనిగర్ సీసా ఆయన వైపు జరిపింది. ఇంట్లో కంచం తీయని పిల్ల. భోజనాల దగ్గర మా విభాగాధిపతి ముఖంలో నేను చూసిన సంతోషం ఏమిటో అప్పుడు తెలిసింది.

ఆ వేసవంతా చెల్లెల్ని తీసుకురావడానికి రాత్రిళ్లు మావాడే కారు వేసుకుని వెళ్లేవాడు. ఆమె బట్టల నిండా వెనిగరూ నూనే వాసన కనుక సరస్సు మీది రోడ్డు దాటేదాకా అద్దాలు దించి ఉంచేవారట. తొలి జీతం వచ్చిన రాత్రి, ఇంటికి రాగానే ఆమె వివరాలున్న కాగితాన్ని మా చేతికి ఇవ్వకుండా అన్నయ్యకే ఇచ్చింది. వాడు నిలబడే పన్నుల కోతలన్నీ చదివి, ఒక్కొక్కటి ఏమిటో ఆమెకు ఓపికగా వివరించాడు. ఈ ఆగస్టుకు వాడికి ఇరవై నిండుతాయి.