ఐఆర్‌ఎన్ వచ్చింది, పన్ను మాత్రం తప్పు: మా ఈఆర్‌పీని జీఎస్టీకి కుదిర్చిన అనుభవం

హెడ్డాఫీసు వాళ్లు విదేశంలో వాడుతున్న ఈఆర్‌పీనే (బిల్లులు, లెక్కలు, స్టాకు అన్నీ నడిపే సాఫ్ట్‌వేర్) హైదరాబాద్ బ్రాంచికీ పెట్టమన్నారు. "ఇండియా ప్యాక్ ఉంది సార్, ఆన్ చేస్తే చాలు" అని దాన్ని పెట్టిచ్చే పార్ట్‌నర్ కంపెనీ భరోసా. ఏప్రిల్-మార్చి ఆర్థిక సంవత్సరం, లక్షలు-కోట్ల కామాలు, హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు రకం కోడ్) కాలమ్... ఇవన్నీ నిజంగానే ఆన్ చేస్తే వచ్చేశాయి.

ఇన్‌వాయిస్ నంబరు దగ్గర చిన్న పేచీ. మనకు 16 అక్షరాలు దాటకూడదు. అక్షరాలు, అంకెలు కాక గీత, స్లాష్ మాత్రమే చెల్లుతాయి. ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్ (బిల్లును నమోదు చేసుకుని ఐఆర్‌ఎన్ అనే గుర్తింపు సంఖ్య ఇచ్చేది) అయితే సున్నాతో మొదలైన నంబరును వెనక్కి కొడుతుంది. దేశం కోడ్, కంపెనీ కోడ్, సంవత్సరం అన్నీ గుచ్చిన వాళ్ల సిరీస్‌ను కత్తిరించి బ్రాంచి, ఏడాది, వరస సంఖ్య మాత్రం ఉంచాం.

జీఎస్టీ రాష్ట్ర కోడ్‌ల లిస్టులో ఆంధ్రప్రదేశ్ రెండుసార్లు ఉంది: 28, 37. మొదటిది ఉమ్మడి రాష్ట్రం నాటిది. ఇప్పుడు ఏపీకి 37, తెలంగాణకు 36. 28ని ముందే తీసేయించండి. రాష్ట్రాన్ని చేత్తో ఎంచుకోనివ్వకుండా, జీఎస్టీఐఎన్ (జీఎస్టీ రిజిస్ట్రేషన్ నంబరు) మొదటి రెండంకెల నుంచే తెచ్చుకునేలా పెట్టించండి. పిన్‌కోడ్ చూసి రాష్ట్రం పట్టేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. 50తో మొదలైతే తెలంగాణ అని రాసేస్తారు. చింతూరు, కూనవరం 2014లోనే ఏపీలో కలిశాయి, కలిసేనాటికి వాటి పిన్‌లు 507తోనే.

అసలు తలనొప్పి బిల్-టు (బిల్లు ఎవరి పేరున), షిప్-టు (సరుకు ఎవరి దగ్గరికి) దగ్గర మొదలైంది. విజయవాడ డీలర్ ఆర్డరు పెడతాడు, సరుకు మాత్రం వరంగల్‌లో ఉన్న తన కస్టమర్‌కు నేరుగా దింపమంటాడు. లారీ తెలంగాణ దాటదు. అయినా ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను) చట్టం 10(1)(బి) ప్రకారం, ఎవరు చెబితే సరుకు పంపామో వాళ్ల ప్రధాన వ్యాపార స్థలమే ప్లేస్ ఆఫ్ సప్లై (సరఫరా జరిగినట్టు చట్టం లెక్కవేసే చోటు). అంటే విజయవాడ, 37; మేం 36 కాబట్టి ఇది రెండు రాష్ట్రాల మధ్య అమ్మకమే. లక్ష రూపాయల మోటార్లకు 18 శాతం చొప్పున ఐజీఎస్టీ 18,000 పడాలి.

మా ఈఆర్‌పీ 9,000 సీజీఎస్టీ, 9,000 ఎస్‌జీఎస్టీ వేసింది, అంటే ఒకే రాష్ట్రంలోని అమ్మకానికి పడే పన్నులు. దాని ట్యాక్స్ ఇంజిన్ షిప్-టు చిరునామా చూసి పన్ను తేలుస్తుంది. సరుకు ఎక్కడ దిగితే అక్కడి పన్ను అనే లెక్క అమెరికాలో చాలా రాష్ట్రాల్లో చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు.

ప్లేస్ ఆఫ్ సప్లై గడిలో 37 వెళ్లి, పన్ను సీజీఎస్టీ-ఎస్‌జీఎస్టీగా పడి ఉంటే పోర్టల్ అక్కడే ఆపేసేది. కానీ ఇండియా ప్యాక్ ఆ గడిని కూడా షిప్-టు నుంచే నింపింది. అమ్మినవారిదీ 36, ప్లేస్ ఆఫ్ సప్లైదీ 36. రెండు తప్పులూ ఒకదానికొకటి సరిపోయాయి. 64 అక్షరాల ఐఆర్‌ఎన్, క్యూఆర్ కోడ్ చక్కగా వచ్చాయి. డీలర్ జీఎస్‌టీఆర్-2బిలో (కొన్నవారి పన్ను క్రెడిట్ల పట్టిక) మాత్రం క్రెడిట్ రాదని పడింది. కారణం కూడా అక్కడే ఉంది: సరఫరాదారు రాష్ట్రం, ప్లేస్ ఆఫ్ సప్లై ఒకటే, కొన్నవారి రాష్ట్రం వేరు. ఆ డీలర్ అకౌంటెంట్ ఫోన్ చేసి, పన్ను భాగం ఆపి మిగతాది కట్టాడు. "ఇంత పెద్ద కంపెనీ, ప్లేస్ ఆఫ్ సప్లై తెలీదా అండీ" అని మా సేల్స్ వాళ్ల ముందే స్పీకర్‌లో అడిగాడు.

పార్ట్‌నర్ వాళ్ల కన్సల్టెంట్ జవాబు ఒక్కటే: "ఐఆర్‌ఎన్ వచ్చిందిగా సార్." ఎన్ని మెయిళ్లు పెట్టినా అదే మంత్రం. ఐఆర్‌ఎన్ అనేది అమ్మినవారి జీఎస్టీఐఎన్, ఆర్థిక సంవత్సరం, డాక్యుమెంట్ రకం, నంబరు కలిపి తీసిన హ్యాష్ (ఆ వివరాల నుంచి లెక్కగట్టిన కోడ్). మనం పంపిన గడులు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా అన్నదే పోర్టల్ చూస్తుంది. లారీ ఎవరి మాట మీద కదిలిందో దానికేం తెలుసు? నెలకు లక్షల ఫీజు తీసుకునేవాళ్లకు ఈ ముక్క మనం చెప్పాల్సి రావడం మన ఖర్మ.

రద్దు చేద్దామంటే పోర్టల్‌లో 24 గంటలే గడువు, రద్దయిన నంబరు మళ్లీ పనికిరాదు. గడువు దాటిన ప్రతి బిల్లుకూ క్రెడిట్ నోట్ (పాత బిల్లు మొత్తాన్ని తీసేసే పత్రం), దానికి వేరే ఐఆర్‌ఎన్, ఆపైన కొత్త నంబరుతో ఐజీఎస్టీ ఇన్‌వాయిస్.

చివరికి ట్యాక్స్ రూల్‌ను షిప్-టు నుంచి విడదీయించి, ఇన్‌వాయిస్ హెడర్‌లో ప్లేస్ ఆఫ్ సప్లై అని ప్రత్యేక గడి పెట్టించాం. సరుకుల అమ్మకంలో షిప్-టు వేరే పార్టీదైతే అది బిల్-టు జీఎస్టీఐఎన్ నుంచి నిండుతుంది. పన్నూ, పోర్టల్‌కు వెళ్లే ఫైలూ రెండూ ఆ ఒక్క గడినే చదవాలి. సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) కస్టమర్‌కు వేరే గుర్తు ఉండాలి, ఎందుకంటే సొంత రాష్ట్రంలోని సెజ్ యూనిట్‌కు అమ్మినా అది అంతర్‌రాష్ట్ర సరఫరాయే.

ఇంకోటి. స్పీడు పెరుగుతుందని ఎడిట్ లాగ్ (ఏ ఎంట్రీని ఎప్పుడు మార్చారో రాసే చిట్టా, అదే ఆడిట్ ట్రైల్) ఆపేస్తామన్నారు పార్ట్‌నర్ వాళ్లు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రైల్ ఆపే వీలే ఉండకూడదు. చెయ్యి పెట్టనివ్వకండి.

గో-లైవ్‌కు ముందు టెస్ట్ సర్వర్‌లో అయిదు బిల్లులు కొట్టించండి: సొంత రాష్ట్రం, పక్క రాష్ట్రం, బిల్ ఏపీ-షిప్ తెలంగాణ, బిల్ తెలంగాణ-షిప్ ఏపీ, సెజ్. నాలుగోదాంట్లో లారీ సరిహద్దు దాటినా సీజీఎస్టీ-ఎస్‌జీఎస్టీయే రావాలి. ఆ అయిదింటినీ మీ సీఏ చూసి సంతకం పెట్టాకే పార్ట్‌నర్‌కు చివరి వాయిదా అని పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించండి. మా దాంట్లో ఆ మాట లేదు, డబ్బు మొత్తం ముందే వెళ్లిపోయింది.