ఆరో గణం దగ్గర ఆగిపోయిన ఏనుగు

బమ్మెరకు బస్సులో గంట దూరం మా ఊరు. పోతన దున్నాడని చెప్పుకునే పొలాలు అక్కడే ఉన్నాయి. (ఒంటిమిట్ట వాళ్లు మావాడే అంటారు, ఆ పంచాయితీ మనకొద్దు.) హైస్కూల్లో ఉన్నన్నాళ్లూ మమ్మల్ని అటు తీసుకెళ్లిన పాపాన ఎవరూ పోలేదు.

గజేంద్రమోక్షం చెప్పేటప్పుడు బోర్డు మీద ఈ కందం రాశారు:

కలఁ డందురు దీనుల యెడఁ
గలఁ డందురు పరమయోగి గణముల పాలం
గలఁ డందు రన్నిదిశలను
గలఁడు కలం డనెడివాఁడు గలఁడో లేఁడో?

వెంటనే గురులఘువులు పెట్టించారు. కందంలో ఆరో గణం (అక్షరాల గుంపు) నలమో (నాలుగూ లఘువులు) జగణమో (నడుమ గురువు, అటూ ఇటూ లఘువులు) అయి తీరాలి కదా, అందుకని 'పరమయోగి'ని నడుమకు నరికి 'మయోగి' కింద గీత. నాలుగో పాదంలో 'అనెడివాడు' తల తెగి 'డివాడు' అయ్యాడు. ఛందస్సు మీద నాకేం కోపం లేదు, ఇప్పటికీ కందం కనబడితే వేళ్ల మీద లెక్కేస్తాను. గైడులో భావం మాత్రం 'గజేంద్రుడు భక్తితో శ్రీహరిని ప్రార్థించెను', అంతే. అదే బట్టీ పట్టాం, అదే రాశాం, మార్కులూ పడ్డాయి. మొసలి కాలు పట్టి లాగుతుంటే ఆ ఏనుగు, దేవుడనేవాడు ఉన్నాడా, లేడా అని అడుగుతోంది. ఇది భక్తి ఎట్లా అవుతుంది సార్ అని ఎవరన్నా లేచి అడిగుంటే పీరియడంతా దానికే పోయేది. మరి సిలబస్?

ఆ పద్యం నాకు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నాక అర్థమైంది. రుణమాఫీ కోసం తిరుగుతున్న పెద్దాయన ఒకరు, పాస్‌బుక్కు, ఆధార్ జిరాక్సు పెట్టుకున్న పాలిథిన్ కవరు నా ముందు పెట్టి అన్నాడు: "లిస్టు ఉన్నదంటరు, అందుల నా పేరున్నదంటరు, పైసలు పడ్డయంటరు. అసలు ఉన్నదో లేదో ఎరుకేనా బిడ్డా?"

అంటరు, అంటరు, అంటరు, ఆఖర్న లేదో. అచ్చం కందం నడకే. ఆయన అప్పటికీ నమ్మకం వదల్లేదు, వదిలితే బ్యాంకుకే రాడు.

టీటీడీ పుస్తకాల షాపులో భాగవతం కొన్నాను. ఆ కందం వెంటనే వచ్చే సీస పద్యం 'కలుగడే నాపాలి కలిమి సందేహింప' అని మొదలవుతుంది. తన అనుమానానికి తానే సర్ది చెప్పుకుంటోంది ఏనుగు. రెండూ పక్కపక్కన పెట్టి చదవకపోతే ఇది తెలియదు. పరీక్షకేమో ఏరిన పద్యాలే వస్తాయి.

ఇప్పుడు అదే స్కంధంలో వామన చరిత్ర దగ్గరున్నాను. బడిలో బలి అంటే దానగుణం, శుక్రాచార్యుడంటే అడ్డుపడ్డవాడు. తీరా చదివితే ఆ గురువుగారు గట్టి వాదనే చేస్తున్నాడు: కులమున్ రాజ్యము దేజమున్ నిలుపుమీ, ఈ పొట్టివాడు కొంచెంతో పోయే రకం కాదు, ప్రాణం మీదికి, సొత్తు మీదికి వచ్చినప్పుడు బొంకినా పాపం లేదు. లోన్ ఫైళ్లు చూసే మనిషిని కదా, ప్రస్తుతానికి నా ఓటు శుక్రాచార్యుడికే.