స్టాండు వేసిన చప్పుడు

మంగళవారం, రాత్రి పదకొండు కావస్తోంది.

చెప్పుకోదగ్గ విశేషమేమీ లేని రోజు. పొద్దున ఉప్మా, ఆ తర్వాత ఆఫీసు, సాయంత్రం బెండకాయలు తరుగుతూ అమ్మతో కబుర్లు. ఏడున్నరకు కింద ఎవరో పాత స్కూటరు ఆపి స్టాండు వేశారు. ఆ ఇనుప చప్పుడుకు నా చేతిలో కత్తి ఆగిపోయింది. ముందు తలుపు వైపు చూశాను, తర్వాత అమ్మ ఎక్కడుందో చూశాను. నాన్న పోయి తొమ్మిదేళ్ళయిందన్న సంగతి ఆ తర్వాతే గుర్తొచ్చింది.

పోయిన ఏడాది కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళిన మొదటి రోజే, ‘నన్నెవరూ కొట్టలేదండీ, కొట్టింది అమ్మను’ అని చెప్పుకున్నాను, ఆమె సమయం పాడుచేస్తున్నానేమోనన్న బెరుకుతో. దెబ్బలు తిన్నవాళ్ళకే కాదు, కళ్ళారా చూసినవాళ్ళకూ పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత వదలకుండా వెంటాడే మానసిక రుగ్మత) రావచ్చని, వైద్యుల నిర్ధారణ ప్రమాణాల్లోనే ఆ మాట ఉందని ఆమె చెప్పారు. మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా ఒక చప్పుడునూ ఒక భయాన్నీ కలిపి ముడివేసుకుంటుందట. ఇక ఆలోచన అందుకునేలోపే గుండెదడ మొదలవుతుంది. చిన్నపిల్లలకేం తెలుసు, మరిచిపోతారులే అనేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. మాటల్లో చెప్పలేని పిల్లలు ఆటలో చూపిస్తారు.

1976లో కాలిఫోర్నియాలోని చౌచిల్లాలో 26 మంది పిల్లలను స్కూలు బస్సుతో సహా అపహరించి, భూమిలో పాతిపెట్టిన ట్రక్కు పెట్టెలో బంధించారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. లెనోర్ టెర్ అనే మానసిక వైద్యురాలు తర్వాత ఏళ్ళ తరబడి వాళ్ళను కలుస్తూ వచ్చారు. కొందరు పిల్లలు ఆ అపహరణనే ఆటగా మళ్ళీ మళ్ళీ ఆడేవారు, ఎంత ఆడినా భయం తీరేది కాదు. అది చదివిన రోజు నా బొమ్మల పెళ్ళిళ్ళు గుర్తొచ్చాయి. పెళ్ళికొడుకు ఇంటికి వచ్చే వేళకు పెళ్ళికూతురిని బియ్యం డబ్బా వెనక దాచేసేదాన్ని. ప్రతిసారీ అంతే. ‘కొత్త పెళ్ళికూతురికి సిగ్గు’ అని పిన్ని నవ్వేది.

జరిగినదాన్ని కొద్దికొద్దిగా మాటల్లో పెట్టడం కూడా చికిత్సలో భాగమే. అందుకే ‘ఏమైందే, అలా అయిపోయావు?’ అని అమ్మ అడిగితే, ఈ రోజు దాటవేయలేదు. స్కూటరు చప్పుడు సంగతి చెప్పాను. అమ్మ చాలాసేపు బెండకాయల వైపే చూస్తూ కూర్చుంది.

‘అప్పుడు నువ్వు నిద్రపోయేదానివి కదా?’ అంది.

‘లేదమ్మా. కళ్ళు మూసుకునేదాన్ని.’

‘నీకు మెలకువ వస్తుందనే కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.’

నాకేమనాలో తెలియలేదు. కత్తి నా చేతిలోంచి తీసుకుని మిగిలిన బెండకాయలు తనే తరిగింది. కూర పొయ్యి మీద పెట్టాక, నా వైపు తిరగకుండానే అంది: ‘బియ్యం డబ్బా వెనక ఆ బొమ్మ దొరికేది నాకు. రాత్రి అంతా సద్దుమణిగాక తెచ్చి నీ దిండు పక్కన పడుకోబెట్టేదాన్ని.’