అమలాపురం నుంచి మెల్‌బోర్న్‌కి: మధ్యలో సింగపూర్‌లో ఒక పగలు

కోనసీమ నుంచి ఆస్ట్రేలియాలో ఉన్న పిల్లల దగ్గరకి వెళ్ళేవాళ్ళకి విశాఖ మీదుగా సింగపూర్ దారి బాగా కలిసొస్తుంది. రావులపాలెం దాటి రాజమండ్రిలో రైలెక్కితే విశాఖ దాదాపు 200 కిలోమీటర్లు. అక్కడ రాత్రి స్కూట్ విమానం ఎక్కితే సుమారు నాలుగు గంటల్లో, తెల్లవారే వేళకి సింగపూర్ ఎయిర్‌పోర్టు చాంగీలో దిగుతాం. మెల్‌బోర్న్ విమానం సాయంత్రానికి తీసుకుంటే మధ్యలో ఒక పగలంతా మనదే. ఆ పగలు ఎయిర్‌పోర్టు కుర్చీలో కునికిపాట్లు పడుతూ గడపక్కర్లేదు. నేను ఊళ్ళోకి వెళ్ళొచ్చిన పద్ధతి ఇది. అరవై దాటినవాళ్ళు కూడా ఆయాసపడకుండా చెయ్యగలిగినంతే రాస్తున్నాను.

బయటికి వెళ్ళగలమా లేదా అన్నది టికెట్ కొన్న రోజే తేలిపోతుంది. విశాఖ–సింగపూర్, సింగపూర్–మెల్‌బోర్న్ రెండూ ఒకే బుకింగ్‌లో, ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. అప్పుడే పెద్ద సూట్‌కేసులు తిన్నగా మెల్‌బోర్న్ వెళ్తాయి. నాలుగు వేలు తగ్గుతాయని విడివిడిగా రెండు టికెట్లు కొంటే, సామాను సింగపూర్‌లో మనమే తీసుకుని మళ్ళీ చెకిన్ చెయ్యాలి. సామాను తీసుకోవాలంటే ఇమ్మిగ్రేషన్ దాటాలి. దాటే అర్హత లేనివాళ్ళని విశాఖ కౌంటర్లోనే ఆపేస్తారు. ఒకే టికెట్ అయినా సరే, బ్యాగుకి కట్టిన ట్యాగ్ మీద చివరి ఊరు ‘ఎంఈఎల్’ అని ఉందో లేదో చూసుకుని, రెండో బోర్డింగ్ పాస్ కూడా అక్కడే అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే చాంగీలో ట్రాన్స్‌ఫర్ కౌంటర్ దగ్గర తీసుకున్నాకే బయటికి కదలాలి.

ఇక వీసా. భారతీయులకి సింగపూర్ వీసా కావాలి. అయితే ఆస్ట్రేలియా, అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్, న్యూజిలాండ్, జర్మనీ, స్విట్జర్లాండ్, వీటిలో ఏదో ఒక దేశం వీసా ఉన్నవాళ్ళకి 96 గంటల దాకా వీసా లేకుండా రానిచ్చే ట్రాన్సిట్ సౌకర్యం ఉంది. పిల్లల దగ్గరకి వెళ్ళే మన అమ్మానాన్నల దగ్గర ఆ వీసా ఎలాగూ ఉంటుంది కదా, సింగపూర్‌కి వేరే ఫీజు అక్కర్లేదు. షరతులు మాత్రం గట్టివి. వీసాకి కనీసం నెల గడువు మిగిలి ఉండాలి. 96 గంటల్లోపు బయల్దేరే ఖాయమైన టికెట్ ఉండాలి. వెళ్ళేటప్పుడు ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన వీసా చెల్లదు. తిరుగు ప్రయాణానికి నియమాలు కొంచెం వేరు, ఐసీఏ, అంటే సింగపూర్ ఇమ్మిగ్రేషన్ వాళ్ళ సైట్‌లో విడిగా చదువుకోవాలి. ఇంకో సంగతి: ఆస్ట్రేలియా వీసా పాస్‌పోర్టులో అంటించి ఉండదు, ఈమెయిల్‌లో వచ్చిన గ్రాంట్ లెటరే వీసా. దాని ప్రింటు చేతి సంచిలో ఉండాలి. ఫోన్లో ఉందిలే అనుకుంటే, చార్జింగ్ అయిపోయిన ఫోన్ పట్టుకుని కౌంటర్ ముందు నిలబడాల్సి వస్తుంది. ఇన్నీ ఉన్నా లోపలికి రానివ్వడం అక్కడి అధికారి నిర్ణయమే.

సింగపూర్‌లో దిగేవాళ్ళు ఇచ్చే వివరాల ఫారం, ఎస్‌జీ అరైవల్ కార్డు, ఆన్‌లైన్‌లో నింపాలి. దిగే రోజుతో కలిపి మూడు రోజుల ముందు నుంచే తీసుకుంటుంది, అంతకు ముందు తీసుకోదు. పూర్తిగా ఉచితం. గూగుల్లో వెతికితే డబ్బులడిగే సైట్లు ముందొస్తాయి, వాటి జోలికి పోకుండా ఐసీఏ సైట్‌లోనే నింపండి. ఎక్కడ దిగుతారని అడిగినచోట హోటల్ పేరు కల్పించి రాయకండి, అదే రోజు వెళ్ళిపోతున్నట్టు ఎంచుకోండి.

చేతి సంచి సర్దేటప్పుడు మనవాళ్ళ దగ్గరే వచ్చే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. గసగసాలు సింగపూర్‌లో నిషిద్ధం, కోడికూర మసాలా పొడి కొట్టించినా గసగసాలు లేకుండా కొట్టించండి. కిళ్ళీలో వేసుకునే జర్దా, గుట్కా, చూయింగ్ గమ్ కూడా కుదరవు. కోనసీమ వాళ్ళం కాబట్టి చేతికందే కురిడీలు సూట్‌కేసులో వేసేస్తాం. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, నిప్పంటుకునే సరుకు కింద లెక్క, విశాఖలోనే తీయించేస్తారు. నెయ్యి, ఆవకాయ చేతి సంచిలో వద్దు. పవర్ బ్యాంక్ మాత్రం చేతి సంచిలోనే ఉండాలి, అయితే స్కూట్‌లో, సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో దానితో గాల్లో ఫోన్ చార్జింగ్ పెట్టనివ్వరు. కాబట్టి నేలమీదే పెట్టుకోవాలి. చాంగీలో ప్లగ్గులు చదరపు కాళ్ళవి, మన గుండ్రటి కాళ్ళ చార్జర్ పట్టదు. ఒక అడాప్టర్ వేసుకోండి.

అన్నిటికన్నా ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది బ్యాంకు కార్డు. సింగపూర్ మెట్రోలో, అంటే ఎంఆర్‌టీలో, గేటు మీద వీసా లేదా మాస్టర్‌కార్డు తాకిస్తే చాలు, టికెట్ కొనక్కర్లేదు. కానీ మన బ్యాంకులు విదేశీ వాడకాన్ని, కాంటాక్ట్‌లెస్‌ని మొదట్లో ఆపి ఉంచుతాయి. బ్యాంకు యాప్‌లో రెండూ ఇంటి దగ్గరే ఆన్ చేసుకోవాలి. రెండోది, ఒక కార్డు ఒక మనిషికే పనిచేస్తుంది. ఆయన కార్డు తాకించి లోపలికి వెళ్ళిపోయి, ఆవిడ గేటు ఇవతల నిలబడిపోవడం మామూలే. ఇద్దరికీ చెరో కార్డు ఉండాలి, ఎక్కేటప్పుడు తాకించిన కార్డే దిగేటప్పుడూ తాకించాలి.

దిగగానే గడియారం రెండున్నర గంటలు ముందుకి తిప్పండి. ఫోన్ తనంతట తానే మారుతుంది, చేతి గడియారం మారదు. అందరూ వైఫై దగ్గర ఆగిపోతారు గానీ, ముందు ముఖం కడుక్కుని, పళ్ళు తోముకుని, కాసేపు కూర్చోండి. తాగే నీళ్ళు ఉచితంగా పడతాయి. గంట తర్వాత ఇమ్మిగ్రేషన్ దాటితే చాలు, పొద్దున్న ఊళ్ళో ఎలాగూ దుకాణాలు తెరిచి ఉండవు.

ఊరు మొత్తం చూడాలని పెట్టుకోవద్దు. ఒకే రైలు మార్గం మీద రెండు చోట్లు, మళ్ళీ ఎయిర్‌పోర్టు. చాంగీ స్టేషన్‌లో ఎక్కి మొదటి స్టేషన్ ఎక్స్‌పోలో దిగాలి. అక్కడ నీలం రంగు డౌన్‌టౌన్ లైన్‌కి మారి, బుకిట్ పంజాంగ్ వైపు వెళ్ళే రైలెక్కాలి. ఇక మారే పని లేదు. ముందు బేఫ్రంట్ వస్తుంది, ఇంకో నాలుగు స్టేషన్లకి లిటిల్ ఇండియా. రైల్లో ఏమీ తినకూడదు, మంచినీళ్ళు కూడా తాగకూడదు, జరిమానా 500 డాలర్ల దాకా ఉంది. షుగరు ఉన్నవాళ్ళు టిఫిన్ చేసే ఎక్కండి.

బేఫ్రంట్‌లో బి గేటు నుంచి సొరంగ దారిలో నడిస్తే గార్డెన్స్ బై ది బే. బయటి తోటకి టికెట్ లేదు, తెల్లవారుజామున ఐదింటికే తెరుస్తారు. 25 నుంచి 50 మీటర్ల ఎత్తున్న ఇనుప చెట్ల ఒంటినిండా నిజం మొక్కలు పెంచారు. కింద నిలబడి తలెత్తి చూస్తే ఆ ఊచల మధ్య ఫెర్నులు, తీగలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపిస్తాయి. కొబ్బరితోటల్లో మిరియాల తీగ పాకించే మనవాళ్ళకి ఇది చూడ్డానికి చాలా సరదాగా ఉంటుంది. ఎండెక్కకముందే చూసెయ్యాలి, అక్కడి ఉక్క మన మే నెలకి తక్కువేమీ కాదు. అద్దాల మేడల్లోని తోటలకి టికెట్ ఉంది, అవి ఎక్కితే లిటిల్ ఇండియా వదులుకోవాలి. నా మటుకు నేను లిటిల్ ఇండియాకే ఓటేస్తాను.

అయితే అక్కడ గుడికి పన్నెండులోపే వెళ్ళాలి, మధ్యాహ్నం మూసేస్తారు. స్టేషన్ పక్కనే టెక్కా సెంటర్. కూరల అంగట్లో కరివేపాకు, ములక్కాడలు, అరటిపువ్వు, వీధి పొడుగునా పూలదండలు. సెరంగూన్ రోడ్డు పట్టుకుని కొద్దిగా నడిస్తే వీరమాకాళి అమ్మవారి గుడి. అదే రోడ్డు మీద ఇంకా ముందుకి, పావుగంట నడకలో, 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్ కోవెల. మోకాళ్ళ నొప్పులుంటే ఒక గుడితో ఆపెయ్యండి. అరిటాకు భోజనం ఆ వీధిలో ఎక్కడైనా దొరుకుతుంది. కాస్త నగదు సింగపూర్ డాలర్లలో ఉంచుకుంటే చిన్న కొట్లలో పనికొస్తుంది.

ఒంటిగంటకి తిరుగు రైలెక్కాలి, వాన పడుతున్నా సరే. రెండింటికల్లా ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న జువెల్ అనే మాల్‌కి వస్తాం. 40 మీటర్ల ఎత్తు నుంచి అద్దాల కప్పు మధ్యగా పడే జలపాతం, భవనం లోపల ప్రపంచంలోకెల్లా ఎత్తైనది. పొద్దున్నే దిగి తిన్నగా దీని దగ్గరకే వెళ్ళేవాళ్ళకి నీళ్ళు కనపడవు. మామూలు రోజుల్లో పదకొండింటికి, శుక్ర శని ఆదివారాల్లో పదింటికి వదులుతారు. చివరికి పెట్టుకోమని చెప్పేది అందుకే.

వీసా షరతు కుదరనివాళ్ళు కూడా నిరాశపడక్కర్లేదు. రెండో, మూడో టెర్మినళ్ళ మధ్య తిరిగే స్కైట్రైన్ ఈ జలపాతం పక్కనుంచే వెళ్తుంది, ఇమ్మిగ్రేషన్ దాటని ట్రాన్సిట్ వాళ్ళు ఎక్కే పెట్టె కూడా అటే వెళ్తుంది. ఆరు గంటల లెక్కన గది ఇచ్చే ట్రాన్సిట్ హోటళ్ళు లోపలే ఉన్నాయి. షరతు కుదిరినా రైళ్ళంటే భయమనుకునేవాళ్ళకి చాంగీ వాళ్ళ ఉచిత బస్సు టూర్ ఉంది, రెండున్నర గంటలు పడుతుంది, రెండు విమానాల మధ్య ఆగే సమయం కనీసం ఐదున్నర గంటలుండాలి. ముందే ఆన్‌లైన్‌లో పేరు రాయించుకోవచ్చు. కానీ దానికి ట్రాన్సిట్ ప్రాంతంలోనే ఉండి కౌంటర్‌కి వెళ్ళాలి. ముందే సొంతంగా ఇమ్మిగ్రేషన్ దాటేస్తే ఆ టూర్ పోయినట్టే.

విమానానికి మూడు గంటల ముందు ఇమ్మిగ్రేషన్‌లో మళ్ళీ లోపలికి వెళ్ళిపోండి. ఒకటి, రెండు, మూడు టెర్మినళ్ళలో సెక్యూరిటీ తనిఖీ గేటు దగ్గరే చేస్తారు. గేటు చాలా దూరం ఉండొచ్చు, నడక పావుగంట పైనే పట్టొచ్చు. నీళ్ళ సీసా గేటు ముందు ఖాళీ చెయ్యాలి. కొన్ని గేట్ల లోపల టాయిలెట్ ఉండదు, ముందే వెళ్ళి రండి. విమానంలో ఆస్ట్రేలియాలో దిగేముందు నింపాల్సిన కార్డు ఇస్తారు. పూతరేకులైనా, జంతికలైనా, పచ్చడైనా తినే వస్తువులున్నాయా అన్నచోట ‘అవును’ అని గీత పెట్టండి. రాసి చూపిస్తే మహా అయితే ఒకటి రెండు తీసి ఉంచుకుంటారు, రాయకపోతే జరిమానా వేస్తారు.