గాలి కొట్టిన చెయ్యి

మంగళవారం, రాత్రి పదిన్నర.

పొద్దున ఐదున్నరకే లేచి పియానో ముందు కూర్చున్నాను. మావాడి స్కూల్ బస్సు ఏడుంపావుకి. వంటింట్లోకి వెళ్ళేలోపు దొరికే ఆ ముప్పావు గంటే నాది. అప్పటికి ఎవరూ లేవరు కాబట్టి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయిస్తాను.

నెలన్నరగా ఒకటే పీస్. పోలండ్ స్వరకర్త షోపాన్ రాసిన నాక్టర్న్ (రాత్రిని తలపించే మెల్లని పియానో రచన), ఓపస్ 9 అనే సంపుటిలో రెండోది, ఇ ఫ్లాట్ మేజర్ స్కేల్‌లో. 1832లో అచ్చయింది. ఉన్నవి 34 బార్లే, అంటే తాళం ఆవర్తాలే. కుడి చేతి పాట రెండు వారాల్లో పట్టుబడింది. ఎడమ చెయ్యే నన్ను ఏడిపిస్తోంది.

చూడటానికి అందులో ఏమీ లేదు. పన్నెండు బై ఎనిమిది తాళం, బార్‌కి మూడేసి దెబ్బల చొప్పున నాలుగు గుంపులు. దాదాపు ప్రతి గుంపులోనూ పని ఒకటే. చిటికెన వేలితో కింద బేస్ (మంద్ర) స్వరం, అక్కణ్ణుంచి ఆక్టేవ్ (ఒక స్థాయి) దాటి పైకి గెంతి ఒక కార్డ్ (కలిపి నొక్కే స్వరాలు), ఇంకాస్త పైన మరో కార్డ్. మళ్ళీ కిందికి. దాదాపు మొదటి నుంచి చివరిదాకా ఇదే నడక. గెంతినప్పుడు తప్పు మెట్టు మీద పడతానేమోనని భయం, ఆ భయానికి భుజం బిగుసుకుపోవడం, నాలుగు బార్లు దాటేసరికి మోచేయి దగ్గర నొప్పి.

నాన్నది చేతి హార్మోనియం. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో పౌరాణిక నాటకాలకు వాయించేవారు. నాకు ఏడో ఏట నేర్పారు. కుడి చెయ్యి మెట్ల మీద, ఎడమ చెయ్యి తిత్తి మీద. ముప్పై ఏళ్ళకు పైగా నా ఎడమ చెయ్యి గాలి కొట్టిందే తప్ప ఒక్క స్వరం పలికించలేదు. పియానో మొదలుపెట్టి మూడేళ్ళయినా దానికి ఇంకా భయం పోలేదు.

నిన్న రాత్రి ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నదాన్ని ఆఫీసుకు వెళ్తూ మెట్రోలో విన్నాను. వాయించేటప్పుడు చెవి అంతా కుడి చేతి పాట మీదే ఉంటుంది. ఈరోజు కావాలనే పాటను వదిలేసి కింద ఏం జరుగుతోందో విన్నాను. బేస్ స్వరం లేదు! నేను నొక్కిన మాట నిజమే, అది 'డుమ్' అని మొదలై అంతలోనే తెగిపోతోంది. ఆ తర్వాత కార్డ్‌లు రెండూ గట్టిగా మోగుతున్నాయి. మూడోది మరీను. పునాది లేని గోడలా ఉంది వింటుంటే. మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా అదే నాలుగుసార్లు విన్నాను. బాధేసింది. కానీ ఇన్నాళ్ళకు తప్పు ఎక్కడుందో చెవికి దొరికింది కదా అని సంతోషం కూడా వేసింది.

సాయంత్రం క్లాసు. మేడమ్‌కి విషయం చెప్పాను. ఆవిడ పాట వదిలేసి ఎడమ చెయ్యి ఒక్కటే వాయించమన్నారు. రెండు బార్లు కాగానే, "మీ చేతిని కాదు, మీ కాలిని చూస్తున్నానండీ" అన్నారు.

సంగతేమిటంటే, కింద బేస్ నొక్కిన వేలు గెంతడానికి లేచిపోతుంది. అది లేచాక కూడా ఆ స్వరం నిలవాలంటే కాలి కింది పెడల్ పట్టుకోవాలి. ఈ పీస్‌లో పెడల్ గుర్తు దాదాపు ప్రతి బేస్ స్వరం దగ్గరా ఉంటుంది. బేస్ మోగే క్షణంలో కాలు పైకి లేచి పాత ధ్వనిని వదిలెయ్యాలి, వేలు ఇంకా మెట్టు మీద ఉండగానే మళ్ళీ దిగాలి. నేను గెంతాలనే కంగారులో వేలిని ముందే లేపేస్తున్నాను. కాలు దిగేసరికి పట్టుకోవడానికి అక్కడ ధ్వనే ఉండటం లేదు.

"గాలి అయిపోకముందే నింపాలి." నాన్న మాట ఉన్నట్టుండి గుర్తొచ్చింది. హార్మోనియంలో తిత్తి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగితే స్వరం చచ్చిపోతుంది. ముందటి గాలి ఇంకా మిగిలి ఉండగానే తర్వాతి ఊపు అందుకోవాలి. అది నా చేతికి ఏడో ఏట నుంచీ తెలుసు. మేడమ్‌కి ఈ మాట చెబితే ఆవిడ ముఖం వెలిగిపోయింది. "అంతేనండీ, అదే పని ఇప్పుడు కాలికి నేర్పండి" అన్నారు.

ఇక బరువు సంగతి. ఎడమ చేతి కార్డ్‌లో పై స్వరం బొటనవేలికి వస్తుంది. వేళ్ళన్నిటిలోకీ మొరటుది అదే. పైగా దూరం నుంచి గెంతి వచ్చి పడుతుంది కాబట్టి దెబ్బలాగా మోగుతుంది. మేడమ్ నా మణికట్టు కింద రెండు వేళ్ళు ఆనించి, "కార్డ్ దగ్గరికి వెళ్ళండి, నొక్కకండి" అన్నారు. బేస్, గెంతు, మెట్ల మీద వేళ్ళు ఆనించి ఆగడం. మళ్ళీ బేస్, గెంతు, ఆగడం. ఇరవై సార్లు చేశాక, ముందు వెళ్ళి ఆనుకున్న చెయ్యి ఆ తర్వాత ఎంత మెల్లగానైనా నొక్కగలదని అర్థమైంది. చిటికెన వేలిని గుచ్చకుండా, చేతి బరువంతా దాని మీదికి వాలనివ్వమన్నారు. అప్పుడు మోగిన ఆ కింది ఇ ఫ్లాట్ స్వరం గది మూలల్లోంచి వచ్చినట్టుంది. నా చేత్తో అలాంటి బేస్ వినడం అదే మొదటిసారి.

లయ దగ్గర మాత్రం హార్మోనియం అలవాటు అడ్డొస్తోంది. పద్యానికి తాళం ఉండదు. నటుడు రాగం ఎంతసేపు తీస్తే అంతసేపు హార్మోనియం వెనకే నడవాలి. నా ఎడమ చెయ్యి కూడా పాటకు అలాగే ఒదిగిపోతోంది, కుడి చెయ్యి సాగదీస్తే తనూ సాగుతోంది. షోపాన్ పద్ధతి వేరు. పాట ఎంత స్వేచ్ఛగా కదిలినా, వెనక వాయించే చెయ్యి కచ్చితంగా లయలో ఉండేదని ఆయన శిష్యుడు మికూలి రాశాడు. షోపాన్ పియానో మీద మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) ఎప్పుడూ ఉండేదట. అంతకు చాలా ముందే, 1777లో, మోట్సార్ట్ తన తండ్రికి రాసిన ఉత్తరంలో ఇదే మాట చెప్పాడు. మెల్లని పాటలో కుడి చెయ్యి కాస్త అటూ ఇటూ జరిగినా తన ఎడమ చెయ్యి దానితో పాటు జరగదనీ, వినేవాళ్ళకు అది అంతుపట్టడం లేదనీ.

రాత్రి భోజనాలయ్యాక నాన్నకు ఫోన్ చేసి ఎడమ చెయ్యి ఒక్కటే వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పాట ఏదమ్మా?" అన్నారు.

"పాట లేదు నాన్నా, ఇది దాని వెనకది."

"వెనకది అంటావేంటి, ఇది మృదంగం లాగుంది కదా. నువ్వు ఆగితే వాడు పడిపోతాడు" అన్నారు. ఇంకోసారి వాయించమన్నారు. రెండోసారికి సన్నగా చిటికెలు వేస్తుంటే ఫోన్‌లో వినబడింది.

ఫోన్ పెట్టేశాక మళ్ళీ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. అచ్చులో ఉన్న వేగం నిమిషానికి 132 ఎనిమిదో వంతు స్వరాలు (గుంపులోని ఒక్కో దెబ్బ). నేను మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టి మొదటి నాలుగు బార్లే వాయించాను, ఎడమ చెయ్యి, కాలు, అంతే. పదహారు బేస్ స్వరాల్లో పదకొండు నిలిచాయి. తెగిపోయిన ఐదూ గుంపు మారే చోటే, చెయ్యి పైనుంచి కిందికి దిగే కంగారులో. ఆ చోట్లన్నీ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను. పొద్దున లేవగానే వాటితో మొదలుపెడతాను.