బొడ్రాయి ముందు పదిహేడో అధ్యాయం

గీత పదిహేడో అధ్యాయం అర్జునుడి ప్రశ్నతో మొదలవుతుంది. "యే శాస్త్రవిధిముత్సృజ్య యజంతే శ్రద్ధయాన్వితాః". శాస్త్రం చెప్పిన పద్ధతి పక్కన పెట్టి, శ్రద్ధతో మాత్రమే కొలిచేవాళ్ల సంగతేంది కృష్ణా అని. ప్రవచనాల్లో ఈ ప్రశ్నను చప్పున దాటేసి సత్త్వ రజస్తమో గుణాల్లోకి వెళ్లిపోతారు. నేను మాత్రం ఇక్కడే ఆగిపోతాను. అర్జునుడు అడిగింది మా అవ్వ గురించి. మీ అవ్వ గురించి కూడా. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పోచమ్మకు సాక నీళ్లు పోసి, ఊరి నడుమ దేవతగా నిలిపిన రాయి, బొడ్రాయి మీద బిందెడు నీళ్లు కుమ్మరించి "సల్లగ సూడు తల్లీ" అని మొక్కిన వాళ్లలో ఏ శాస్త్రం ఎవరు చదివారు?

కృష్ణుడు ఆ ప్రశ్నకు కసురుకోలేదు. "శ్రద్ధామయోఽయం పురుషో యో యచ్ఛ్రద్ధః స ఏవ సః" అన్నాడు. ఎవరి శ్రద్ధ ఎట్లాంటిదో వాళ్లూ అట్లాంటివాళ్లే. దేన్ని కొలుస్తున్నావని అడగడానికి ముందే, కొలిచే నువ్వెవరివని అడిగాడు.

వెంటనే నాలుగో శ్లోకం చూపిస్తారు కొందరు. భూతప్రేతాలను కొలిచేవాళ్లు తామసులని ఉంది కదా, మీ మైసమ్మలు, పోతరాజులు ఆ లెక్కలోకే వస్తారు కదా అని. ఆ ఒక్క శ్లోకం దగ్గర పుస్తకం మూసేస్తే అట్లాగే అనిపిస్తుంది. పదమూడో శ్లోకం దాకా ఓపిక పట్టాలి.

విధిహీనమసృష్టాన్నం మంత్రహీనమదక్షిణమ్
శ్రద్ధావిరహితం యజ్ఞం తామసం పరిచక్షతే

విధి లేనిది, అన్నం పంచనిది, మంత్రం లేనిది, దక్షిణ ఇవ్వనిది, శ్రద్ధ లేనిది. అట్లాంటి యజ్ఞం తామసం. వరుస చూడండి. మంత్రం కంటే ముందు అన్నం వచ్చింది. ఛందస్సు కోసం అట్లా కుదిరిందని ఒక పెద్దాయన నాతో వాదించాడు. కావచ్చు. నేను ఒప్పుకోను. ఈ అధ్యాయంలో శ్రద్ధ గురించి చెబుతూ చెబుతూ ఏడో శ్లోకంలోనే స్వామి ఆహారం మాట ఎత్తాడు. మూడో అధ్యాయంలో తన కోసమే వండుకునేవాడు పాపం తింటున్నాడని ముందే చెప్పి ఉన్నాడు. నిన్ను నువ్వు కొలుచుకోవాలంటే నీ పంక్తిలో ఎవరు కూర్చున్నారో చూసుకో అన్నట్టే నాకు వినిపిస్తుంది.

ఇక విధి అంటారా, మా అవ్వకు విధి ఉండేది, పుస్తకంలో లేదంతే. బోనం నాడు ఒక్కపొద్దు. ఇల్లు అలికి, తలస్నానం చేసి, కొత్తకుండకు సున్నం, పసుపు, కుంకుమ పెట్టి వండేది. పిల్లలం ఆకలి ఆకలని ఏడ్చినా కుండలో గరిటె పెట్టనిచ్చేది కాదు. తల్లి ముందు ఆకులో ఇంత పెట్టి, మిగిలింది తెచ్చాక ఇంటిల్లిపాదికీ, వాకిట్లోకి వచ్చినవాళ్లకూ పెట్టేది. తనకు మిగిలిందో లేదో నేనెప్పుడూ అడగలేదు.

మా అక్క కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. "మామా, పిడుగుకు భయపడ్డ మనిషి దేవుణ్ణి తయారు చేసుకున్నడు, గంతే" అంటాడు. వాణ్ణి తీసుకుని నారాయణపేట జిల్లా ముడుమాల్ పోయిన. కృష్ణ ఒడ్డున మనిషిని మించిన ఎత్తున నిలువురాళ్లు. మూడున్నర వేల ఏళ్ల నాటివని చెబుతారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. ఒక రాతి మీద సప్తర్షి మండలాన్ని పోలిన గుంటలున్నాయి. నిలబెట్టినవాళ్ల పేర్లు తెలియవు, వాళ్ల భాష తెలియదు, మంత్రం ఉందో లేదో తెలియదు. ఇవాళ ఆ ఊరివాళ్లు అందులో ఒక రాతిని ఎల్లమ్మగా కొలుస్తున్నారు.

భయపడ్డవాడు పారిపోతాడురా, అన్నాను వాడితో. అంత రాయిని లాగుకొచ్చి నిలబెట్టాలంటే ఎంతమంది చేతులు కలవాలి? ఆ లాగినోళ్లకు పొద్దూకే లోపల ఎవరో వండి పెట్టే ఉంటారు. తల ఎత్తి చుక్కలను లెక్కపెట్టిన మనిషికి భయం ఒక్కటే ఉందంటే నేను నమ్మను. వాడు మాట్లాడలేదు. ఒప్పుకున్నాడని కాదు, ఎండ బాగా ఉంది.

దుర్ఖైమ్ అనే ఫ్రెంచి పండితుడు 1912లో ఇంకో మాట చెప్పాడు. మనుషులు దేవుడి పేరుతో నిజానికి తమ సమాజాన్నే కొలుచుకుంటారని. ఆయన మన బొడ్రాయి పండుగ చూసి ఉంటే ఎగిరి గంతేసేవాడు. ఊరి నడిబొడ్డున రాయి. దాన్ని ప్రతిష్ఠించే నాడు అత్తగారిళ్లకు పోయిన ఆడబిడ్డలందరూ రావాలి. కుమ్మరి కుండ కావాలి, గ్రామదేవతల కథలు పాడి పూజ చేసే బైండ్లాయన, ఆయన వాయించే జమిడిక కావాలి, డప్పు కావాలి. రాత్రి పొలిమేర చుట్టూ పొలి, అంటే బలి అన్నం, చల్లుతుంటే ఊళ్లోవాళ్లు బయటికి పోరు, బయటివాళ్లు లోపలికి రారు. ఊరంటే ఎంతవరకో, ఎవరెవరో ఆ రాత్రి తేలిపోతుంది. ఆ పండితుడు చెప్పింది సగం నిజం. మిగతా సగం ఊళ్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఊరు కలిసింది కాబట్టి తల్లి పుట్టలేదు, తల్లి పిలిచింది కాబట్టి ఊరు కలిసింది. లేకపోతే భూమి తగాదాలతో ఏళ్లకేళ్లు మాటల్లేని అన్నదమ్ములు ఆ రోజు ఒకే బిందె పట్టుకుని నీళ్లెట్లా పోస్తారు?

ఇప్పుడు ఏం జరుగుతోందో చెప్పాలి. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఈ మధ్య నేను పోయిన ఒక ఊళ్లో భూలక్ష్మి, మహాలక్ష్మి, బొడ్రాయి ప్రతిష్ఠ. అమ్మవారి బొమ్మ కంటే నాయకుల మొఖాలు పెద్దగా ఉన్న ఫ్లెక్సీలు. డీజే మోతకు జమిడిక వినపడలేదు. కొందరి నెత్తి మీద బోనాలు ఖాళీ. కుండలో బువ్వ లేదు, చుట్టూ రంగుల లైట్లున్నాయి. అదీ ఓర్చుకుందును. భోజనాలకు రెండు పంక్తులు పెట్టారు. కూలర్ల కింద ముఖ్యులకు, ఎండలో మిగతావాళ్లకు. పొద్దున్నుంచి డప్పు కొట్టినోళ్లు చివరికి చేయి కడుక్కుని వచ్చేసరికి గంజు అడుగంటింది. అసృష్టాన్నం, అన్నం పంచనిది. ఆ ఒక్క మాటే నా చెవుల్లో గింగురుమంది. ఐదో శ్లోకంలో దంభాహంకారసంయుక్తాః, డంబమూ అహంకారమూ నిండినవాళ్లు, అన్నది ఎవరిననుకున్నారు?

వెనకట అన్నీ బాగుండేవని నేననను. బొడ్రాయి దగ్గరికి కొన్ని వాడలవాళ్లను రానియ్యని ఊళ్లు ఉన్నాయి, వాళ్ల డప్పు మాత్రం కావాలి. పాలమూరు దిక్కు కురుమూర్తి స్వామి జాతర చూసి కూడా బుద్ధి రాకపోతే ఎట్లా? వడ్డెమాన్ ఊరి నుంచి చెప్పులు కుట్టే చేతులు చేసిన ఉద్దాలు ఊరేగింపుగా గుట్టకు పోతాయి. అవే స్వామి పాదుకలు. వాటిని తల మీద పెట్టించుకోవడానికి జనం తోసుకుంటారు. తొక్కిసలాటలో పక్కవాడి కులం ఎవరడుగుతున్నారు?

మీ ఊళ్లో ఈసారి పండుగ పెడుతున్నారా? ఇంటికింత అని చందా రాసేటప్పుడే ఫ్లెక్సీ ఖర్చు కొట్టేయండి. ఆ డబ్బుతో ఇంకో బస్తా బియ్యం వస్తుంది. పంక్తి ఒక్కటే వేయండి, సర్పంచైనా ఎమ్మెల్యే అయినా అందులోనే కూర్చోవాలి. కుండలో బువ్వ లేకుండా బోనం ఎత్తకండి అమ్మా. బైండ్లాయనకు, డప్పు వాళ్లకు ఇవ్వాల్సింది పొద్దున్నే చేతిలో పెట్టండి, ఆకులు కూడా ముందు వాళ్లకే వేయండి.